చేతితో కట్టిన రేడియోకు తగిన విద్యుత్తు

ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు వద్ద కృష్ణానది ఆరు యంత్రములను త్రిప్పి 234 మెగావాట్ల విద్యుత్తును పుట్టింపగలదు. నాగర్‌కర్నూలు జిల్లాలోని శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రము 900 మెగావాట్ల నీయగలదు. ఇంతటి శక్తికి పుట్టినిల్లయిన సీమలో, ఒక బాలుడు తన చేతితో కట్టుకొన్న చిన్న రేడియోకు ఒక వాటైనను అక్కరలేదు. కాని ఆ కొద్దిపాటి శక్తిని ఎచ్చటినుండి, ఏ రూపమున తెచ్చుకొనవలెననునదే అసలు ప్రశ్న.

మన ఇంటి గోడలోని ప్లగ్గునకు వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. దీనినే ఏ.సి. యందుము. రేడియో కోరునది 6 వోల్టుల ఏకముఖ విద్యుత్తు, అనగా డి.సి. ఈ రెంటి నడుమ నిలుచునది ఎడాప్టరు. దానిని ఎన్నుకొనుటకు ముందు మూడు సంగతులు చూడవలెను.

మొదటిది వోల్టులు. ఇవి పరికరము కోరినన్నియే ఉండవలెను. పాతరకపు ఎడాప్టరులో ట్రాన్స్‌ఫార్మరు 9 వోల్టులదైనను, డయోడులు, కెపాసిటరు దాటి వచ్చునప్పటికి, భారము లేనిచో, అది 11 వోల్టులు మించును. కనుక 7806 అను మూడుకాళ్ళ రెగ్యులేటరును నడుమ చేర్చినచో నిలుకడగా 6 వోల్టులు లభించును. మిగిలిన వోల్టులు వేడిగా మారును. వాడకము అర ఆంపియరైనచో ఆ వేడి రెండున్నర వాట్లు. అప్పుడు దానికి లోహపు రేకును బిగింపవలసియుండును.

రెండవది ఆంపియర్లు. ఇచ్చట సమానత్వము అక్కరలేదు. ఒక ఆంపియరు ఎడాప్టరు రేడియోలోనికి ఒక ఆంపియరును బలవంతముగా నెట్టదు. బిందె నిండా నీరున్నను దప్పిగొన్నవాడు త్రాగునది గ్రుక్కెడే కదా! సామర్థ్యము ఎక్కువైనచో చెరుపు లేదు. తక్కువైనచో ఎడాప్టరు వేడెక్కి చెడును.

మూడవది ధ్రువములు. కొన్ని పిన్నులకు నడుమ ధనము, కొన్నింటికి వెలుపల ధనము. పైని ముద్రించిన గుర్తును చూడక తగిలించినచో పరికరము క్షణములో పాడుకావచ్చును.

రేడియోకు మరియొక చిక్కు కలదు. సెల్‌ఫోను చార్జరు వంటివి లోపల సెకనుకు వేలకొలది మారులు విద్యుత్తును త్రెంచి కలుపుచుండును. ఆ సందడి మీడియం వేవులో గుర్రుమని వినవచ్చును. రేడియోకు ట్రాన్స్‌ఫార్మరు ఎడాప్టరుగాని, బ్యాటరీగాని మేలు. నాలుగు పొడి బ్యాటరీలు వరుసగా కలిపినచో 6 వోల్టులగును. మరల చార్జి చేయదగిన నికెల్ బ్యాటరీలైనచో ఒక్కొక్కటి 1.2 వోల్టులే కనుక ఐదు కావలెను.

చివరి మాట ప్రాణమునకు సంబంధించినది. ట్రాన్స్‌ఫార్మరులో గోడవైపు తీగకును, మనవైపు తీగకును స్పర్శ లేదు. అదియే మన రక్ష. ఖర్చు తగ్గించుటకై ట్రాన్స్‌ఫార్మరును మాని, కెపాసిటరుతోనే వోల్టులను తగ్గించు పద్ధతి ఒకటి కలదు. అందులో 230 వోల్టుల ప్రమాదము రేడియోలోని ప్రతి తీగయందును, చెవిలో పెట్టుకొను ఇయర్‌ఫోనునందును పొంచియుండును. దీనిని పిల్లలచేత ఎన్నడును కట్టింపరాదు.

వనపర్తి రాజప్రాసాదములోని పాలిటెక్నిక్ విద్యార్థికి పర్యవేక్షించు గురువులుందురు. గద్వాలలో ఇంట కూర్చుండి రేడియో కట్టుకొను బాలునికి తల్లిదండ్రులే గురువులు. కనుక వారు మొదటి రేడియోను బ్యాటరీలతోనే నడిపింపవలెను. పిదప భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తుగల ఎడాప్టరును కొని, వోల్టులను మీటరుతో కొలిపించి, అటుపిమ్మటనే రేడియోకు తగిలింపనీయవలెను.