అమానత్‌కు నిజాయితీ ఒక్కటే చాలదు
(మారుమూల ప్రాంతాల సేవాసంస్థల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మన సంస్థలకు సమర్థులైన ఆర్థికాధికారులను ఎలా సమకూర్చుకోవాలో చెప్పమని నన్ను కోరారు. ముందుగా నా పొరపాటు ఒకటి మీ ఎదుట ఒప్పుకోవలసి ఉన్నది.

నల్లమల అంచున ఒక చిన్న పట్టణంలో అనాథ బాలల చదువుకు తోడ్పడే సంస్థలో నేను కార్యవర్గ సభ్యుడను. మా కోశాధికారి కిరాణా వ్యాపారి. ఐదు పూటలా నమాజు తప్పనివాడు, పరుల పైసా ముట్టనివాడు. రశీదు పుస్తకం, చెక్కు పుస్తకం, చిట్టా మూడూ ఆయన గల్లాపెట్టెలోనే ఉండేవి. జీతమిచ్చి ఒక అనుభవజ్ఞుని నియమించుకుందామని ఒక యువ సభ్యుడు ప్రతిపాదించగా, "నెలకు 25,000 రూపాయలతో ఎందరు పిల్లలకు ఫీజు కట్టవచ్చునో ఆలోచించారా?" అని అడ్డుకొన్నవాడను నేనే.

ఆ తరువాత ఆయన హఠాత్తుగా మరణించారు. ఏ సొమ్ము జకాతో, ఏది సదఖాయో, ఏది భవన నిధియో చెప్పగలవారు లేకపోయారు. బ్యాంకులో సంతకాలు మార్పించడానికే నెలలు పట్టింది. ఆ విద్యాసంవత్సరం ఫీజులు ఆగిపోయాయి. ఇద్దరు ఆడపిల్లలు ఇంటర్ మధ్యలోనే మానుకొన్నారు. అన్నిటికంటె బాధాకరమైన విషయం, జీవితమంతా నీతిగా బ్రతికిన ఆ మనిషిపై ఊరిలో అనుమానం రేగడం. తండ్రి పరువు కోసం ఆయన కుమారులు లెక్క తేలని సొమ్మును తమ కష్టార్జితం నుండి చెల్లించారు. నేను మిగిల్చాననుకొన్న జీతం ఖరీదు అది.

మిత్రులారా! యూసుఫ్ ప్రవక్త (అలైహిస్సలాం) తనను ఈజిప్టు ఖజానాలపై నియమించమని కోరుతూ తనలోని రెండు గుణాలను పేర్కొన్నట్లు దివ్యఖుర్ఆన్ తెలుపుతున్నది. ఒకటి, కాపాడే గుణం; రెండవది, తెలిసినతనం. మనం మొదటిదానినే చూచి రెండవదానిని మరచినాము. ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ అప్పును వ్రాతలో పెట్టుకొనుట గురించినదే కదా! లెక్క వ్రాయుమనుట అనుమానం కాదు, రక్షణ.

కాలం కూడా మారినది. పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు 2021 నుండి శాశ్వతం కావు, గడువులోగా పునరుద్ధరించుకోవాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, అటువంటి విరాళం ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే జమ కావాలి. అందులో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుండి 20 శాతానికి తగ్గినది. మైనారిటీ సంస్థలపై ఎక్కువ కళ్ళు ఉన్న ఈ రోజులలో, ఒక్క తప్పిన గడువు మన హక్కుల వాదనను కూడా బలహీనపరచగలదు.

"ఆత్మకూరుకో, గిద్దలూరుకో, ఎర్రగొండపాలెంకో పెద్ద చదువరి ఎవరు వస్తారు?" అని అడుగుతారు. హైదరాబాదు నుండి చార్టర్డ్ అకౌంటెంటును రప్పించాలనుకొంటే రారు. కాని ట్రెజరీలలో, బ్యాంకులలో, సహకార సంఘాలలో ముప్పై ఏళ్ళు లెక్కలు చూచి పదవీ విరమణ చేసి సొంత ఊరు చేరినవారు మన మధ్యనే ఉన్నారు. ఆడిటుకు చార్టర్డ్ అకౌంటెంటు ఏడాదికొకసారి వచ్చినా చాలు. దినదినం లెక్కను నడిపించే పెద్ద దిక్కు మాత్రం ఊరిలోనే ఉండాలి. ఒక్క సంస్థ జీతం భరించలేకపోతే, చుట్టుపట్ల నాలుగు సంస్థలు కలిసి ఒకరిని నియమించుకోవచ్చును. లెక్కలు మాత్రం దేనికది వేరుగా ఉండాలి.

నియామకంలో నాలుగు నియమాలు పాటించండి. అధ్యక్షుని బంధువును తీసుకోవద్దు. పాత రశీదులు, వోచర్లు ఒక కట్ట ఇచ్చి లెక్క తీయించి చూడండి. రశీదు వ్రాసేవారు, చెక్కుపై సంతకం చేసేవారు, చిట్టా వ్రాసేవారు ఒక్కరే కాకూడదు. ఆయన నెలనెలా కార్యవర్గం మొత్తానికి నివేదిక ఇవ్వాలి; అధ్యక్షుని తప్పును కూడా చెప్పగల స్వేచ్ఛ ఆయనకుండాలి. ఆ వ్యక్తి మన మతస్థుడే కానక్కరలేదు. అమానత్‌ను కాపాడగలిగితే చాలును. ఆయన చేతి క్రింద స్థానికంగా బీకాం చదివిన ఒక అమ్మాయినో అబ్బాయినో పెట్టండి. పదేళ్ళ తరువాత మరల వెదుకులాట తప్పుతుంది.

ఇక జీతం మాట. జకాత్‌ను వసూలు చేసి నిర్వహించేవారికి కూడా ఖుర్ఆన్ జకాత్ హక్కుదారుల ఎనిమిది వర్గాలలో చోటిచ్చినది. అది నేటి ఉద్యోగులకు ఎంతవరకు వర్తిస్తుందో ఉలమాను అడిగి నిర్ణయించుకోండి. సందేహముంటే జకాత్‌ను ముట్టక, ఈ జీతానికని విడిగా చందా వసూలు చేయండి. దాతకు సంగతి దాచకుండా చెప్పండి. మీనారుకు లక్షలిచ్చే చేతులు, లెక్కకు వేలివ్వడానికి వెనుకాడవని నా నమ్మకం.

చదువు మానుకొన్న ఆ ఇద్దరు ఆడపిల్లలకు నేను జవాబు చెప్పలేకపోయాను. రేపు అల్లాహ్ సన్నిధిలో చెప్పవలసి ఉన్నది. అటువంటి జవాబు మీకెవరికీ మిగలకూడదనే ఈ నాలుగు మాటలు చెప్పినాను. అల్లాహ్ మన చేతిలోని అమానత్‌లను కాపాడే శక్తిని, తెలివిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.