స్పీచ్ థెరపీకి లింక్ ఒక్కటే సరిపోదు: మిరప సీజన్‌లో మాటలు నేర్పడం ఎలా?

మధ్యలో దగ్గితే ఏమనుకోవద్దు. ఫిబ్రవరి నెల, గుంటూరు. యార్డుకు టిక్కీలు వస్తూనే ఉన్నాయి, గాల్లో ఘాటు ఉంటుంది. గొంతు గురించి పదిమందికి చెప్పేదాన్ని నేనే గరగరమంటున్నాను.

నాకు వారానికి నాలుగైదు సార్లు వచ్చే మెసేజ్ ఒకటుంది. "మేడమ్, మా అక్క కొడుక్కి మూడేళ్లు. మాటలు రావట్లేదు. ఆన్‌లైన్‌లో స్పీచ్ థెరపీ చేస్తారంట కదా, లింక్ పంపండి." మెసేజ్ పెట్టేది తల్లి కాదు, ఎక్కువసార్లు బాబాయో పిన్నో మేనమామో. అంటే మీ వయసు వాళ్లే. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ మీ చేతిలో ఉంటుంది, గూగుల్ చేసేదీ మీరే. అందుకే ఈ ఎపిసోడ్ మీ కోసం.

ఆన్‌లైన్‌లో చేయొచ్చా? చేయొచ్చు. నేను చేస్తున్నాను. కానీ ఆ మొత్తం పనిలో లింక్ పంపడం అన్నిటికన్నా చిన్నది.

ముందు దూరం సంగతి. వినుకొండ నుంచి గుంటూరుకి దాదాపు 90 కిలోమీటర్లు. గిద్దలూరు వాళ్లకి ఒంగోలు ఇంకా దూరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ఆఫీసులు దగ్గరికొచ్చాయి గానీ, స్పీచ్ థెరపిస్టులు ఊరూరికీ రాలేదు. థెరపీ అంటే ఒకసారి వచ్చి మందులు రాయించుకుని పోయేది కాదు కదా. వారానికి రెండుసార్లు, నెలల తరబడి. ఇప్పుడు ఆడవాళ్లకి బస్సు టికెట్ లేదు, నిజమే, 2025 ఆగస్టు 15 నుంచి ఫ్రీ. కానీ బిడ్డను తీసుకుని గుంటూరు వచ్చిన రోజు కూలి పోతుంది. టికెట్ ఫ్రీ అయినా ఆ రోజు ఫ్రీ కాదు. మూడో వారానికి రావడం ఆగిపోతుంది. నేను చూసిన కేసుల్లో ఎక్కువ ఇలాగే ఆగిపోయినవి.

సరే, ఫోన్ ఉందిగా అంటారు. వస్తున్నా అక్కడికే.

మీరు మామూలుగా చేసే ఫోన్ కాల్, పాత పద్ధతిలోది, 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనిని మాత్రమే మోసుకెళ్తుంది. ఇప్పుడు "స్" అనండి. గట్టిగా, పాము బుస కొట్టినట్టు. ఆ "స్"లో ఉన్న బలమంతా 4000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. అంటే మీరు ఫోన్లో "సీత" అంటే, అవతలి మనిషి సగం విని, మిగతా సగం అలవాటు కొద్దీ ఊహించుకుంటున్నాడన్నమాట. మనకి భాష వచ్చు కాబట్టి ఊహించుకుంటాం. భాషే రాని రెండేళ్ల పిల్ల ఎలా ఊహించుకుంటుంది? వీడియో కాల్స్‌లో ధ్వని దీనికన్నా బాగుంటుంది, కాదనను. కానీ అక్కడ నాయిస్ సప్రెషన్ అని ఒకటుంది. అది "స్", "ష్" లాంటి శబ్దాలని ఫ్యాన్ గాలి అనుకుని కోసేయొచ్చు. జూమ్ వాడితే సెట్టింగ్స్‌లో "ఒరిజినల్ సౌండ్" ఆన్ చేయండి, కొంత నయం.

ఇక కెమెరా. ప, బ, మ పెదాల మీద పలుకుతాయి, స్క్రీన్ మీద కనిపిస్తాయి. మన "ళ", "ణ" సంగతేంటి? నాలుక మడతపడి పైకి పోతుంది. ఎంత మంచి ఫోనైనా అది చూపించదు.

అయితే ఆన్‌లైన్ థెరపీ దండగా అంటే, కాదు. ఇక్కడే అసలు విషయం ఉంది. నేను స్క్రీన్ మీద కూర్చుని బిడ్డకి మాటలు నేర్పట్లేదు. బిడ్డ పక్కన కూర్చున్న మనిషికి నేర్పుతున్నాను. శబ్దం ఆ మనిషి నోట్లోంచి, ఆ గదిలో, ఆ బిడ్డ చెవికి పోవాలి. నాది చూసి సరిచేసే పని.

ఒక పాప ఉంది, పల్నాడు వైపు. పేరు, ఊరు చెప్పను. రెండున్నరేళ్లప్పుడు రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్స్ పెట్టారు. అంతకుముందు ఏడాదంతా ఇంట్లో వస కొమ్ము అరగదీసి నాకించారు. వసపిట్టలా మాట్లాడుతుందని మన నమ్మకం. నేనేమీ తప్పుపట్టను, పెద్దవాళ్లు ప్రేమగా చేసేదే అది. కాకపోతే మాటలు రాని ప్రతి బిడ్డకీ ముందు చేయాల్సింది వినికిడి పరీక్ష. వినపడని శబ్దాన్ని ఏ కొమ్మూ పలికించలేదు. ప్రపంచమంతా పాటించే లెక్క ఒకటుంది: పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సహాయం మొదలవ్వాలి. రెండున్నరేళ్లంటే ఆ లెక్కకి రెండేళ్లు ఆలస్యం. అందుకే ఆ పాపకి ఇంకో నాలుగు నెలలు పోవడం నాకు చిన్న విషయం కాదు.

ఆ తల్లికి నేను నేర్పిన మొదటి పని ఆరు శబ్దాలు. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. లింగ్ టెస్ట్ అంటారు. ప్రతి రోజూ పొద్దున్నే మెషిన్లు పెట్టాక, పాప వెనక నిలబడి ఒక్కొక్కటి అనాలి. పాప విన్నప్పుడల్లా ఒక గింజ గిన్నెలో వేయాలి. వాళ్లింట్లో శనగలతో చేశారు. ఒక రోజు "స్"కి గింజ పడలేదంటే బ్యాటరీ అయిపోయిందో, చెవిలో మోల్డ్ మూసుకుపోయిందో, జలుబు చేసిందో అని అనుమానించాలి. రెండు నిమిషాల పని. ఇది ఫోన్ స్పీకర్‌లోంచి నేను చేయలేను, "స్" సరిగా పోదు కాబట్టి. తల్లే చేయాలి. మూడో వారం ఆమే ఫోన్ చేసింది: "మేడమ్, ఎడమ చెవి మెషిన్ పనిచేయట్లా. ఈ రోజు మూడు శబ్దాలకి తలే తిప్పలా." క్లినిక్‌లో నేను పట్టుకోవడానికి నెల పట్టేది, ఆమె ఒక్క పూటలో పట్టుకుంది.

జనవరి వచ్చింది. కోతలు. పొద్దున్నే ఆటో ఎక్కితే చీకటి పడ్డాకే ఇంటికి. పదకొండింటికి పెట్టుకున్న వీడియో సెషన్లు వరసగా రెండు వారాలు మిస్ అయ్యాయి. ఇలాంటప్పుడు చాలా చోట్ల "పేరెంట్ సహకరించడం లేదు" అని రాసి ఫైల్ మూసేస్తారు. నాకు ఆ వాక్యం అంటే ఒళ్లుమంట. ఏడాది అప్పులు తీరేది ఆ మూడు నెలల కూలి డబ్బుతో. ఆమె పనికి పోకుండా నా సెషన్‌కి కూర్చోవాలా?

టైమ్ మార్చాం. రాత్రి ఎనిమిదిన్నరకి పది నిమిషాలు, వారానికి ఒక్కసారి. మిగతా రోజుల్లో ఆమె రెండు నిమిషాల వీడియో తీసి వాట్సాప్‌లో పంపుతుంది, నేను తీరిక చూసుకుని చూసి వాయిస్ మెసేజ్ పెడతాను. లైవ్ ఉండక్కర్లేదు. అరగంట వీడియో కాల్ అంటే 150 నుంచి 300 ఎంబీ పోతుంది, ఇంట్లో ఒకే ఫోన్ ఉండి అందులో తమ్ముడు రీల్స్ చూసేశాక మిగిలేదెంత? రెండు నిమిషాల వీడియో ఎలాగోలా వెళ్లిపోతుంది.

తర్వాత పని కల్లంలోకి మారింది. ఎండబెట్టిన కాయల్లోంచి తాలుకాయలు ఏరే పని. అక్కడ పాప పక్కనే ఉంటుంది. ఫ్లాష్ కార్డులు అక్కర్లేదు. ఎర్రకాయ, తాలుకాయ, తొడిమ, గోతం, పట్టా. "ఎర్రకాయ ఇవ్వు." "తాలుకాయ పక్కన పెట్టు." రోజుకి వందసార్లు వినే మాటలు. ఒక్కటే కండిషన్ పెట్టాను: మిరప చేతులతో మెషిన్ ముట్టుకోవద్దు, మోల్డ్ అసలే ముట్టుకోవద్దు. చెవి మండితే పిల్ల మళ్లీ పెట్టుకోదు. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే. రాత్రి తీసి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి, చెమటకి తేమ పడుతుంది.

అందరికీ ఇలా కుదరదు. మార్కాపురం, ఎర్రగొండపాలెం వైపు నుంచి, కర్నూలు నుంచి కోతలకి వలస వచ్చే కుటుంబాల్లో పిల్లలు ఒక్కోసారి నాయనమ్మ దగ్గర ఆగిపోతారు. అప్పుడు పక్కనుండే మనిషి నాయనమ్మ. ఆమెకి టచ్ ఫోన్ రాదు. ఎవరు చేయాలి? ఇంట్లో ఉన్న ఇంటర్ పిల్లో, పిల్లోడో. మళ్లీ మీ దగ్గరికే వచ్చాం.

ఇదంతా నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో బర్మింగ్‌హామ్ మాజీ సైనికుల ఆసుపత్రిలో 1970ల్లోనే మామూలు టెలిఫోన్ మీద స్పీచ్ థెరపీ చేశారు. ఆస్ట్రేలియాలో చిన్నపిల్లల నత్తికి లిడ్‌కోమ్ అనే పద్ధతి ఉంది. దాంట్లో థెరపీ చేసేదే తల్లిదండ్రులు, థెరపిస్టు నేర్పుతారు, అంతే. వెబ్‌క్యామ్‌లో నేర్పినవాళ్లనీ, క్లినిక్‌లో నేర్పినవాళ్లనీ పోల్చి 2016లో అచ్చు వేశారు, ఫలితంలో తేడా కనపడలేదు. పక్కన తమిళనాడులో చెన్నై శ్రీ రామచంద్ర సంస్థ వాళ్లు తిరువణ్ణామలై, కడలూరు జిల్లాల్లో గ్రహణమొర్రి ఆపరేషన్ అయిన పిల్లల కోసం ఊరి కార్యకర్తలకే ట్రైనింగ్ ఇచ్చారు. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ కూడా వీడియో ద్వారా థెరపీ ఇస్తుంది.

మన దగ్గర కూడా దారి ఉంది. ఈ-సంజీవని తెలుసుగా? 2019 నవంబరులో మొదలైంది, ఆంధ్రప్రదేశ్ దాన్ని బాగా వాడుకున్న రాష్ట్రాల్లో ఒకటి. దాంట్లో నాకు నచ్చింది వీడియో కాదు. ఊరి క్లినిక్‌లో ఒక ఆరోగ్య కార్యకర్త పేషెంట్ పక్కన కూర్చుని బీపీ చూసి, అవతల ఉన్న డాక్టర్‌తో మాట్లాడుతుంది. స్పీచ్ థెరపీకి కూడా ఆ కుర్చీ కావాలి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీములు అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చి వినికిడి లోపం, మాటలు ఆలస్యం, గ్రహణమొర్రి చూస్తున్నాయి, జిల్లా కేంద్రానికి రిఫర్ చేస్తున్నాయి. రిఫర్ చేశాక ఇంటికి తిరిగొచ్చిన బిడ్డ పక్కన ఎవరు కూర్చుంటారన్నది ఎవరి రిజిస్టర్‌లోనూ కాలమ్ లేని ప్రశ్న. నన్నడిగితే అంగన్‌వాడీ టీచర్‌కి ఆ పని ఊరికే అంటగట్టొద్దు. ఆమె మీద ఇప్పటికే ఉన్న యాప్‌లు చాలు. వారానికి రెండు గంటలు లెక్కగట్టి, డబ్బిచ్చి చేయించాలి.

బడుల్లో భవిత కేంద్రాలున్నాయి, మండలాల్లో. రిసోర్స్ టీచర్లు ఉంటారు. మంచివాళ్లు, కానీ ఒకరే అన్ని రకాల పిల్లల్నీ చూడాలి. వాళ్లు పక్కన ఉంటే నా సెషన్ సగం తేలిక. ఈ మధ్య బడుల్లో పెద్ద ఐఎఫ్‌పీ ప్యానెళ్లు వచ్చాయి కదా, దాని మీద థెరపీ చేద్దామని ఒక బడిలో అడిగారు. నత్తి ఉన్న తొమ్మిదో తరగతి కుర్రాడికి, క్లాసు మొత్తం చూస్తుండగా, గోడంత స్క్రీన్ మీద! వద్దన్నాను. హెడ్‌మాస్టర్ గారు అర్థం చేసుకుని స్టాఫ్ రూమ్‌లో ఒక మూల, తలుపేసి, ఒక ఫోను, ఇయర్‌ఫోన్లు ఇచ్చారు. అది చాలు. ఆ కుర్రాడు నాతో అన్న మొదటి మాట: "మేడమ్, వీడియో ఆఫ్ చేసుకోవచ్చా?" చేసుకోమన్నాను. నాలుగో వారం వాడే ఆన్ చేశాడు.

పెద్దవాళ్ల సంగతి కూడా కొంచెం. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లు ఆసుపత్రి నుంచి వారం పది రోజుల్లో ఇంటికి వచ్చేస్తారు. మాట తిరిగొచ్చే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ మొదటి నెలల్లోనే. తాతయ్యతో మీరు ఫోన్లో ఫొటోలు చూపిస్తూ పేర్లు చెప్పించొచ్చు. పాట వస్తే పాడించండి, మాట రానివాళ్లకి కూడా కొందరికి పాట వస్తుంది. కానీ నీళ్లు తాగుతుంటే పొలమారుతుంటే మాత్రం ఫోన్ వద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మింగడం, మొదటి వినికిడి పరీక్ష, అంగిలి చూడటం, ఈ మూడూ నేను స్క్రీన్ మీద చేయను.

ఆన్‌లైన్‌లో ఎవరిని నమ్మాలి? రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. సీఆర్ఆర్ నంబర్ అంటారు. మొహమాటం లేకుండా అడగండి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతకండి. నంబర్ అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ల దగ్గర ఆగొద్దు. బిడ్డ వీడియో రికార్డ్ చేస్తామంటే ఎందుకు, ఎక్కడ దాస్తారు, ఎప్పుడు డిలీట్ చేస్తారు అని అడగండి. ముందే డబ్బు కట్టించుకుని, తల్లిని గదిలోంచి బయటికి పంపమనే ఆన్‌లైన్ ప్యాకేజీలు చూశాను. తల్లి బయటికెళ్తే ఇంక మిగిలేది ఒక యూట్యూబ్ వీడియో.

మెసేజ్ పెట్టేముందు మూడు విషయాలు రాసుకుని పెట్టండి: వినికిడి పరీక్ష చేయించారా, పొద్దున్నుంచి రాత్రిదాకా బిడ్డ పక్కన ఎవరుంటారు, మీ ఊళ్లో కోతలు ఎప్పటిదాకా. లింక్ తర్వాత పంపుతాను.

ఆ పాప సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మొన్న వచ్చిన వీడియోలో వాళ్లమ్మ కావాలనే గోతంలో తాలుకాయ వేసింది. పాప చూసి "అమ్మా, తాలు" అంది. "ల" ఇంకా సరిగ్గా లేదు, "తాయు" అని వినిపిస్తోంది. నేను సరిచేయలేదు. వాళ్లమ్మ సరిచేసింది.

వచ్చే ఎపిసోడ్ నత్తి మీద. ఉంటానండీ.