మాట ఎవరిది, సంతకం ఎవరిది?

(గోదావరిఖనిలో బొగ్గుగని కార్మిక కుటుంబాల స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సింగరేణి కార్మికుడి పేరు మీద ఎన్ని కాయితాలుంటాయో మీకు చెప్పనక్కర్లేదు. పి.ఎఫ్.కు నామినీ, గ్రాట్యుటీకి నామినీ, వైద్యానికి డిపెండెంట్ల జాబితా. తాను పోయాక డబ్బు ఎవరికి చెందాలో రాసి పెడతాడు. స్పృహ లేకుండా ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు తనకు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. ఆ ఖాళీలో నిలబడేది భార్య.

ఏరియా ఆసుపత్రి నుంచి హైదరాబాదుకు రిఫర్ చేస్తారు. అక్కడ ఒకరోజు డాక్టరు బయటికొచ్చి, ఇక కోలుకోవడం కష్టం, వెంటిలేటరు ఉంచమంటారా అని అడుగుతాడు. ఉంచమంటే మనిషిని హింస పెడుతోందంటారు. వద్దంటే, ఈ బొగ్గు ప్రాంతంలో మరో మాట పుడుతుంది: సర్వీసులో ఉండగా పోతే డిపెండెంటు ఉద్యోగం వస్తుందని ఆపించిందట! అత్తగారు, మరుదులు, కొడుకులు, అందరికీ అభిప్రాయాలుంటాయి. సంతకం, నింద మాత్రం ఆమెకే మిగులుతాయి.

భర్త మాట ముందే కాగితం మీద ఉంటే ఆమె చేసేది తీర్పు కాదు, ఆయన మాటను చేరవేయడం. ఈ తేడా చిన్నది కాదు.

ఆ మాటకు చట్టంలో చోటు దొరకడానికి చాలాకాలం పట్టింది. 2004లో హైదరాబాదులో కండరాల క్షీణతతో మరణానికి దగ్గరైన పాతికేళ్ల వెంకటేష్, వెంటిలేటరు తీసేసి తన అవయవాలు దానం చేయమన్నాడు. ఆ కోరికను హైకోర్టు దాకా తీసుకెళ్లింది తల్లి సుజాత. బ్రెయిన్ డెత్ జరగలేదు గనుక చట్టం ఒప్పుకోదని కోర్టు తిరస్కరించింది. ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేననీ, ముందుగా రాసిన 'లివింగ్ విల్' చెల్లుతుందనీ తీర్పు చెప్పింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది.

18 ఏళ్లు నిండి, ఆలోచనాశక్తి సరిగా ఉన్న ఎవరైనా రాయవచ్చు. తన తరఫున నిర్ణయం చెప్పేవాళ్ల పేర్లు అందులో ఉండాలి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధృవీకరించుకోవాలి. ఎప్పుడైనా లిఖితపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. కాగితం ఉన్నంత మాత్రాన యంత్రం ఆపరు. కోలుకునే ఆశ లేదని రెండు వైద్య బోర్డులు నిర్ధారించాలి. ఇది ఇంజెక్షన్ ఇచ్చి చంపడం కాదు. యంత్రం ఆగినా నొప్పి తగ్గించే వైద్యం, సేవ కొనసాగాలి.

ఇందులో నామినీ స్త్రీ అయితే చాలదు, రాసేది కూడా స్త్రీ కావాలి. పెళ్లి, పిల్లలు, ఆపరేషను, అన్నిటికీ మన శరీరం గురించి ఇతరులే నిర్ణయించారు. చివరి రోజుల్లోనైనా మన మాట ఉండొద్దా? కొడుకు పేరే రాయాలని లేదు. కూతురినో, చెల్లెలినో, ఎవరిని నమ్ముతామో వారి పేరు రాయవచ్చు.

సంఘాల్లో పనిచేసే మిత్రులకు ఒక హెచ్చరిక. శిబిరాలు పెట్టి ఒకే ఫారం మీద అందరి చేతా సంతకాలు చేయించకండి. పర్మనెంటు కార్మికుడి కుటుంబానికున్నంత వైద్య సౌకర్యం కాంట్రాక్టు కార్మికుడి కుటుంబానికి లేదు. ఖర్చు భరించలేక 'ఇంటికి తీసుకుపోతాం' అని రాసిచ్చే మనిషి హక్కును వాడుకుంటున్నట్టు కాదు, హక్కును పోగొట్టుకున్నట్టు. వైద్యం అందుబాటులో ఉన్నవాళ్లు మాత్రమే వద్దనగలరు. అందుకే మంచి వైద్యం కావాలనే పోరాటమూ, వద్దనే హక్కూ కలిసి నడవాలి.

ఫారం కంటే ముందు మాట జరగాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని, పిల్లలు వింటుండగా మాట్లాడుకోవాలి. ఇది అపశకునం మాట కాదు. రోజూ బాయిలోకి దిగే మనిషి ఇంట్లో చావు గురించిన భయం ఎలాగూ ఉంటుంది. దాన్ని మాటగా మారుద్దామనే నేను కోరుతున్నది.