ఏపీలో నంబర్ వన్ సిటీ ఏది? 'రెండో జాబ్' టెస్ట్‌లో మన నగరాల ర్యాంకులు

"అన్నా, ఏపీలో బెస్ట్ సిటీ ఏది?" అని మీలో చాలామంది అడుగుతూనే ఉన్నారు. బీచ్ ఉందా, మాల్ ఉందా, బిర్యానీ బాగుంటుందా అని చూసి ర్యాంకులిచ్చే వీడియోలు బోలెడున్నాయి. ఈ రోజు నేను ఒకే ఒక్క ప్రశ్నతో ర్యాంక్ ఇస్తాను. ఆ ఊళ్లో మీ జాబ్ పోతే, ఊరు వదలకుండా రెండో జాబ్ దొరుకుతుందా?

ఎందుకు ఈ ప్రశ్న అంటే, మొదటి జాబ్ క్యాంపస్‌లోనో, తెలిసినవాళ్ల ద్వారానో వచ్చేస్తుంది. సిటీ అసలు బలం తెలిసేది రెండో జాబ్ దగ్గరే. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసిన రోజుల్లో చూశాను. ఒక కంపెనీ మానేసినవాడు నెల తిరిగేలోపు పక్క వీధి కంపెనీలో చేరేవాడు. అద్దె ఇల్లు కూడా మారేవాడు కాదు. ఆ ధైర్యం కోసమే మనవాళ్లు అక్కడికి పోతున్నారు. సంక్రాంతి బస్సులు కిక్కిరిసిపోయేదీ అందుకే.

1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఐటీ అంతా దాని చుట్టూనే పెరిగింది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయేసరికి, మన చేతిలో మిగిలినవి అలాంటి ఒక్క మహానగరం కూడా లేని మధ్యస్థాయి నగరాలు. సరే, కింది నుంచి పైకి వెళ్దాం.

నాలుగో ర్యాంక్: కర్నూలు. రాయలసీమ తమ్ముళ్లూ, కోప్పడకండి. 1953 అక్టోబర్ 1 నుంచి మూడేళ్లపాటు ఆంధ్ర రాష్ట్ర రాజధాని ఇదే. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే రాజధాని హైదరాబాద్‌కి వెళ్లిపోయింది. ఇప్పుడు పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది, ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది, 2021 నుంచి ఓర్వకల్లులో ఎయిర్‌పోర్ట్ ఉంది. చదువు ఇక్కడ దొరుకుతుంది. చదివాక చేరడానికి వరసగా పది కంపెనీలు మాత్రం లేవు. హైవే ఎక్కితే హైదరాబాద్ సుమారు 210 కిలోమీటర్లు. పిల్లలు ఆ హైవే ఎక్కేస్తున్నారు.

మూడో ర్యాంక్: తిరుపతి. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది. 2015లో ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చాయి. అదే ఏడాది షావోమీ మన దేశంలో తయారైన తన మొదటి ఫోన్‌ను శ్రీసిటీలోనే అసెంబుల్ చేయించింది. రేణిగుంట వైపు కూడా ఎలక్ట్రానిక్స్ యూనిట్లున్నాయి. ఈసీఈ చదివినవాళ్లకి ఇది మంచి ఏరియా. చిక్కేంటంటే, శ్రీసిటీ తిరుపతి జిల్లాలోనే ఉన్నా తిరుపతి టౌన్ కంటే చెన్నైకే దగ్గర. కాబట్టి మీ రెండో జాబ్ చెన్నైలో తేలే ఛాన్స్ ఎక్కువ.

రెండో ర్యాంక్: విజయవాడ, గుంటూరు కలిపి. మధ్య దూరం 35 కిలోమీటర్లే కాబట్టి నేను ఒకే మార్కెట్‌గా లెక్కేస్తున్నా. ఆటోనగర్, మిర్చి యార్డు, ఆసుపత్రులు, కాలేజీలు, మంగళగిరి ఎయిమ్స్, మధ్యలో అమరావతి. వ్యాపారం, కామర్స్, మెడికల్, సివిల్ వాళ్లకి ఇక్కడ రెండో జాబే కాదు, మూడోదీ దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకే లిస్టు చిన్నది. ఇంకో సంగతి, ఇల్లు తీసుకునేముందు ఆ వీధికి వరద చరిత్ర ఉందేమో అడగండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ జనం రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు.

మొదటి ర్యాంక్: విశాఖపట్నం. బీచ్ వల్ల కాదు! 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డు పనులు, తర్వాత రిఫైనరీ, 1966 ఉద్యమంతో సాధించుకున్న స్టీల్ ప్లాంటు, నేవీ, ఫార్మా. ఒకదాని పక్కన ఒకటి చేరుతూ వచ్చాయి. మెకానికల్, కెమికల్ వాళ్లు ఒక గేటు మూస్తే ఇంకో గేటు తట్టొచ్చు. దీనికీ ఒక ఖరీదుంది. 2020 మేలో గ్యాస్ లీక్, 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో ప్రమాదం మనం చూశాం. ఉద్యోగం దొరికితే చాలదు, సాయంత్రం క్షేమంగా ఇంటికి రావాలి.

మరి విశాఖ ఐటీ? 2025 అక్టోబర్‌లో గూగుల్ ఇక్కడ 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని ప్రకటించింది. మంచిదే. కానీ డేటా సెంటర్ కట్టేటప్పుడు కావాల్సినంతమంది, నడిపేటప్పుడు అక్కర్లేదు. దాని చుట్టూ ఎన్ని కంపెనీలు చేరతాయన్నదే అసలు లెక్క.

అంటే ర్యాంక్ మీ బ్రాంచ్‌ని బట్టి మారుతుంది. ఈసీఈ వాళ్లకి తిరుపతి పైకి వస్తుంది, సివిల్ వాళ్లకి విజయవాడ. సాఫ్ట్‌వేర్ వాళ్లకి మాత్రం నిజం చెప్పాలంటే, ఈ నాలుగింట్లో ఒక్కటీ ఇంకా హైదరాబాద్ ఇచ్చే ధైర్యం ఇవ్వట్లేదు. విశాఖ దగ్గరికొస్తోంది, అంతే.

సొంతూరి దగ్గర ఆఫర్ వచ్చిందా? ఓకే చెప్పేముందు ఒక పని చేయండి. జాబ్ యాప్ తెరిచి మీ స్కిల్, ఆ సిటీ పేరు కొట్టండి. ఆఫర్ ఇచ్చిన కంపెనీని తీసేసి, మిగతావి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. అయిదు దాటితే ధైర్యంగా చేరండి, అమ్మ చేతి భోజనం బోనస్. ఒకటో రెండో ఉంటే, చేరినా సరే, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంచుకుని, కొత్త స్కిల్ నేర్చుకుంటూ చేరండి.

ఎవరైనా నాయకుడు "మీ ఊరికి పెద్ద కంపెనీ తెచ్చాం" అంటే, "రెండోది ఎప్పుడు సార్?" అని అడగండి. ఒక్క కంపెనీ ఉన్న ఊళ్లో జీతం పెంచమని అడగడానికి కూడా భయమే.

రాజమండ్రి, కాకినాడ, నెల్లూరు, అనంతపురం వాళ్లు ఆగండి, మీ ఎపిసోడ్ వస్తుంది. ఈలోగా మీ సిటీ, మీ బ్రాంచ్, మీకు వచ్చిన లెక్క కామెంట్‌లో పెట్టండి. ఉంటాను మరి, బాయ్.