సంఘమునకు సకాల సమాచార సాధనము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు నాకు ముందే వివరించియున్నారు. ఆ కార్యములకు తోడ్పడు నొక చిన్న సాధనమును గూర్చి నేను మనవిచేసెదను. ఆన్‌లైను క్యాలెండరులో మనము వ్రాసియుంచిన కార్యక్రమములను, దినదినము ఒకరు కూర్చుండి పంపనక్కరలేకయే, సభ్యుల ఫోనులకు ఎస్.ఎం.ఎస్. అనబడు సంక్షిప్తసందేశములుగా పంపు పద్ధతియే నా విషయము.

ఇది వినోదమునకై చెప్పు యంత్రవిద్య కాదు. ఒక విద్యార్థివేతనమునకు జూలై 31వ తేది గడువనుకొందము. కార్యాలయము చెంత నివసించు వానికి ఆ సంగతి మొదటి వారముననే తెలియును. దూరపు పల్లెయందలి బాలికకు ఆగస్టు నెలలో, ఏ బంధువు నోటనో తెలియును. ఇరువురును మన బిడ్డలే. దాత యొసగిన ధనము ఇరువురి కొరకును ఉద్దేశింపబడినదే. అయినను ఒకరికి నిధి కలదు, ఒకరికి లేదు. ఈ భేదము మార్కులవలన వచ్చినది కాదు. కబురు ఆలస్యముగా నందుటవలన వచ్చినది. దీనిని తొలగించుట మన చేతిలోని పని.

“వాట్సాపు గుంపులున్నవి గదా, ఇంకేల?” యని కొందరడుగవచ్చును. ఉన్నవి; వాని యుపయోగమును నేను కాదనను. కాని వానికి స్మార్టుఫోనును, ఇంటర్నెట్టును కావలయును. మీదుమిక్కిలి పండుగ శుభాకాంక్షల నడుమ గడువు తేది కనబడకుండ పోవుచుండును. ఎస్.ఎం.ఎస్. అట్లు కాదు, మీటల ఫోనునకును వచ్చును, ఇంటర్నెట్టు అక్కరలేదు. ఫోను కట్టివేసియున్నచో సందేశకేంద్రము దానిని కొంతకాలము నిలిపి, తెరచిన పిమ్మట అందించును.

ఈ సందేశముల పుట్టుకయే మనకు అనుకూలమైన సాక్ష్యము. 1992 డిసెంబరు 3వ తేదిన ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అను యువ ఇంజనీరు మొట్టమొదటి సంక్షిప్తసందేశమును పంపెను. అది క్రిస్మసు శుభాకాంక్ష. దానిని ఆయన పంపినది ఫోనునుండి కాదు, కంప్యూటరునుండి. కావున కంప్యూటరునుండి ఫోనునకు కబురంపుట నేటి వింత కాదు. 2006లో వెలువడిన గూగుల్ క్యాలెండరు తానే ఎస్.ఎం.ఎస్. జ్ఞాపికలను పంపుచుండెను, 2019 జనవరిలో ఆ సౌకర్యమును నిలిపివేసెను. స్మార్టుఫోను గలవారికి దానివలన లోటు లేదు. లేనివారి కొరకు మాత్రము క్యాలెండరునకును ఫోనునకును నడుమ వంతెనను మనమే కట్టుకొనవలయును.

ఆ వంతెనకు మూడంగములు. మొదటిది క్యాలెండరు. రెండవది, నిర్ణీత సమయమున దానిని చదువు చిన్న ప్రోగ్రాము; గూగుల్‌వారి యాప్స్ స్క్రిప్టులో దీనిని వ్రాయవచ్చును. మూడవది, సందేశములను టెలిఫోను కంపెనీల కందజేయు గేట్‌వే సంస్థ. ప్రోగ్రాము ప్రతి యుదయము తనంత తాను మేల్కొని, రాబోవు దినముల కార్యక్రమములను చూచి, సభ్యుల పట్టికనుండి నంబరుల గైకొని, సందేశమును గేట్‌వేకు అప్పగించును. ఉదయము 8 గంటలకని నియమించినచో అది 8కిని 9కిని నడుమ నెప్పుడైనను జరుగవచ్చును. మన పనికి అది చాలును.

ఇందు జాగ్రత్తపడవలసిన చోట్లు కొన్ని కలవు. ఒకే కబురు పదేపదే పోకుండుటకై, పంపిన కార్యక్రమపు గుర్తును ప్రోగ్రాము వ్రాసియుంచుకొనవలయును. అయితే నెలనెలా జరుగు సమావేశమునకు ఆ క్యాలెండరు అన్ని నెలలకును ఒకే గుర్తు నిచ్చును. ఆ గుర్తు నొక్కదానినే నమ్మినచో మొదటి నెల కబురు పోవును, పిమ్మట నెన్నడును పోదు. కావున గుర్తుతోబాటు తేదిని గూడ చేర్చి వ్రాయవలయును. మరియు, గడువు తేదిని దినమంతటి కార్యక్రమముగా వ్రాసినచో అది అర్ధరాత్రి మొదలైనట్లు లెక్క. “24 గంటలు ముందు” అని ఆజ్ఞాపించినచో నడిరాత్రి ఫోను మ్రోగును! ఇట్టివానికి పగటి వేళను వేరుగా నిర్ణయింపవలయును. ఏదైన సభ రద్దైనచో దానిని క్యాలెండరునుండి తుడిచివేయరాదు. తుడిచినచో ప్రోగ్రామునకు చదువుట కేమియు నుండదు, ముందటి కబురు విన్నవారు ప్రయాణమై వత్తురు. శీర్షికయందు “రద్దు” అని వ్రాసి, అట్టివానికి తక్షణమే సవరణ పంపునట్లు ఏర్పాటు చేయవలయును.

విదేశములందలి మనవారి విషయము వేరు. ఇచట ఉదయము 8 గంటలైనపుడు న్యూయార్కులో వేసవియందు ముందుదినము రాత్రి 10-30, శీతకాలమున 9-30. వారికి క్యాలెండరుతోడనే వచ్చు ఈ-మెయిలు జ్ఞాపికయే మేలు, ఖర్చును తగ్గును.

ఇక భాష. సందేశములు తెలుగుననే యుండవలయునని నా మనవి. ఇంటనున్న తల్లికి అర్థము కాని కబురు సగమే చేరినట్లు. అయితే ఒక సందేశమున ఇంగ్లీషు అక్షరములు 160 పట్టగా, తెలుగు సంకేతములు 70 మాత్రమే పట్టును. గుణింతపు గుర్తులును, పొల్లును గూడ వేరువేరుగా లెక్కకు వచ్చును. “స్త్రీ” అను ఒక్క యక్షరమే ఆరు సంకేతములు. 70 దాటినచో సందేశము 67 చొప్పున భాగములగును. 140 సంకేతములైనచో మూడు భాగములు. 500 మందికి పంపిన 1500 సందేశముల రుసుము. “విద్యార్థివేతనము దరఖాస్తు గడువు జూలై 31. సంఘకార్యాలయము.” అన్నచో 55 సంకేతములే. బిరుదములను, విశేషణములను సన్మానపత్రములకు దాచియుంచి, సందేశమున తేదిని చెప్పుదము.

చట్టమును గూడ గమనింపవలయును. టెలికాం నియంత్రణసంస్థయైన ట్రాయ్‌వారి 2018వ సంవత్సరపు నిబంధనలను బట్టి, ఇట్లు కంప్యూటరు ద్వారా అనేకులకు సందేశములంపు సంస్థ డి.ఎల్.టి. అను వేదికయందు తన పేరును, పంపువారి గుర్తును, సందేశపు మూసను ముందుగా నమోదు చేయించుకొనవలయును. తేది, స్థలము మున్నగు మారెడు భాగములను ఖాళీలుగా నుంచవచ్చును. మూసకు సరిపడని సందేశము దారిలోనే నిలిచిపోవును. సభ్యుల సమ్మతిని వ్రాతమూలకముగా గైకొనుట మన ధర్మము. ఈ నంబరుల పట్టికను ఎన్నికలకు గాని, వ్యాపారమునకు గాని, వివాహసంబంధములు చూచువారికి గాని ఒసగరాదు. ఒక్కసారి నమ్మకము చెడినచో, పిమ్మట వచ్చు గడువు కబురును గూడ జనులు చదువకయే తుడిచివేయుదురు.

అన్నిటికంటె ముఖ్యమైన దొక్కటి. యంత్రము తప్పు తేదిని గూడ ఒప్పు తేదివలెనే నమ్మకముగా 500 ఇండ్లకు మోసికొనిపోవును. నోటిమాటలో తప్పు దొరలినచో వినువారిలో నొకరైన అనుమానింతురు. సంఘముపేర వచ్చిన సందేశమును ఎవ్వరును అనుమానింపరు. కావున క్యాలెండరులో వ్రాయు అధికారము ఒక్కరి కుండవలయును, వ్రాసినదానిని సరిచూచు బాధ్యత మరియొకరి కుండవలయును. పదవులు మారినపుడు ఖాతా సంకేతపదములు లెక్కపుస్తకములతోబాటు అప్పగింపబడవలయును. అవి ఏ యొక్క కార్యదర్శి సొంత ఫోనులోనో ఉండిపోరాదు.

ఈ మహాసభవారు అంగీకరింతురేని, నా ప్రతిపాదన యిది: క్యాలెండరు నిర్వహణకొక కార్యదర్శిని, సరిచూచుటకొక సభ్యుని నియమింపవలయును. మొదటి యేడు విద్యార్థివేతనముల గడువులు, వసతిగృహ ప్రవేశములు, సర్వసభ్య సమావేశములు అను మూడింటికే సందేశములు పరిమితము కావలయును. గడువులకు పదునైదు దినములు ముందొకమారు, రెండు దినములు ముందొకమారు కబురు పోవలయును. ఏడాది ముగియగానే, ఏయే గ్రామములనుండి ఎన్ని దరఖాస్తులు వచ్చెనో గత సంవత్సరముతో పోల్చి సభ్యుల యెదుట నుంచవలయును. పోషకమహాశయులు ఈ ఖర్చును విద్యానిధిలో నొక భాగముగా నెంచి మంజూరు చేయింతురని కోరుచున్నాను.