‘ఖాళీ జాగ’ అని రాసింది ఎవరు?

(నగర స్థలాల రాజకీయాల మీద పరిశోధన చేస్తున్న ఆర్కిటెక్చర్ అధ్యాపకుడు ఒకరు హైదరాబాద్‌లో విద్యార్థులు, బస్తీ సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన మిత్రులు "సార్, మీ పరిశోధన గురించే మాట్లాడండి, కాని మాకు సమజయ్యేటట్లు మాట్లాడండి" అన్నరు. ఆ మాటలో న్యాయం ఉన్నది. ఆర్కిటెక్చర్ అంటే ఇంటి ప్లాను, ఎలివేషను, వాస్తు అనుకుంటరు చాలామంది. నేను చూసేది బిల్డింగును కాదు, బిల్డింగుకూ బిల్డింగుకూ నడుమ ఉన్న జాగను. ఆ జాగలో ఎవరు నిలబడొచ్చు, ఎవరు కూసోవచ్చు, ఎవరిని లేపేస్తరు, లేపేసే అధికారం ఎవరికి ఎట్ల వచ్చింది? ఇవే నా ప్రశ్నలు. 1968లో ఫ్రాన్స్‌లో ఆన్రి లెఫెవ్ర్ అనే తత్వవేత్త ‘నగరం మీద హక్కు’ అనే మాటను ముందుకు తెచ్చిండు. నగరాన్ని తమ శ్రమతో నిలబెట్టేటోళ్లకే దాన్ని తీర్చిదిద్దే హక్కు ఉండాలన్నది దాని సారం. మనకు ఆ పుస్తకం చేరకముందే ఆ కొట్లాట చేరింది.

ముందు నా తప్పు చెప్పి మొదలుపెడత. చదువు అయిపోయిన కొత్తలో నేను ఒక ఆఫీసులో డ్రాయింగులు గీసే పనిలో ఉండె. పడమటి వైపు ఒక పెద్ద లేఅవుటు వచ్చింది. సర్వేయరు తెచ్చిన షీటు మీద ఒక చిన్న కుంట, దాని కట్ట, కట్ట మీద మైసమ్మ గుడి, పక్కన రాళ్లు కొట్టుకొని బతికే వడ్డెరల గుడిసెలు ఏడెనిమిది, ఒక బొందలగడ్డ ఉన్నయి. నేను అన్నీ పద్ధతిగా గీసిన. పై ఆయన చూసి "ఇవన్నీ ఎందుకు? క్లయింటుకు క్లీన్ సైటు చూపించాలె" అన్నడు. నేను రబ్బరు తీసుకొని తుడిచేసిన. తెల్లకాగితం మిగిలింది. దాని మీద నా చేతితోనే ‘వేకెంట్ ల్యాండ్’ అని రాసిన. అంటే ఖాళీ జాగ.

బుల్డోజరు తర్వాత వచ్చింది. అంతకంటే ముందే రబ్బరు వచ్చింది. నా పరిశోధన అంతా ఆ రబ్బరు గురించే.

పాత మాటల్లో ఖాళీ లేదు

మన పాత రెవెన్యూ రికార్డు తీసి చూడండి. సేత్వార్ గాని, 1954–55 నాటి ఖాస్రా పహాణి గాని. అందులో భూమికి ఎన్ని పేర్లున్నయో! శిఖం అంటే చెరువు నీళ్లు నిలిచే నేల. గైరాన్ అంటే ఊరి పశువులు మేసే నేల. కంచ అన్నా మేతభూమే. సర్ఫెఖాస్ అంటే నిజాం సొంత ఆస్తి. ఇనాం అంటే ఒక పనికో, ఒక గుడికో, ఒక దర్గాకో ఇచ్చిన నేల. ప్రతి మాట వెనుక ఎవరిదో ఒకరి వాడకం ఉన్నది. ఆ వాడకంలో న్యాయమంతా ఉన్నదని నేను అంటలేను. ఫ్యూడల్ పెత్తనం కూడా ఆ మాటల్లోనే దాగి ఉన్నది. కాని అది మనుషులు, పశువులు, నీళ్లు తెలిసిన భాష.

1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చి నగరం కొట్టుకపోయింది. వేలమంది చనిపోయిన్రు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించిన్రు, ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. అదే కాలంలో లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో నగరమంతటినీ కొలిచి పటాలు గీసిన్రు. ఆ పటాలు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గల్లీలు, ఇండ్లు, బావులు, తోటలు, మసీదులు, గుళ్లు వివరంగా ఉంటయి. గీసింది రాజు కోసమే. ఆ బోర్డు కూడా ఇరుకు బస్తీలను కూలగొట్టి రోడ్లు వేసిందే. అయినా కూలగొట్టే ముందు అక్కడ ఏమున్నదో కాగితం మీద పెట్టింది.

ఇప్పటి మాస్టర్ ప్లాను చూడండి. పసుపు రంగు నివాసం, ఊదా పరిశ్రమ. రంగులున్నయి, మనుషులు లేరు. పొద్దున ఆరు గంటలకు తట్ట, పార పట్టుకొని వందలమంది కూలీలు నిలబడే అడ్డా ఏ ప్లానులో ఉన్నది? ఆ అడ్డా లేకపోతే ఈ నగరంలో ఒక్క గోడ లేవదు. ప్లానులో దానికి ఒక చుక్క కూడా లేదు. చుక్క లేదు కాబట్టే రేపు రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని ‘ట్రాఫిక్‌కు అడ్డం’ అంటరు.

కంచ గచ్చిబౌలి నేర్పిన పాఠం

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. రాయదుర్గం, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, అన్నీ ఊళ్లే. వాటి మీద 2001లో ఒక ప్రత్యేక అభివృద్ధి సంస్థ వచ్చింది, సైబరాబాద్ అనే పేరు వచ్చింది. ఊరు పోయి ‘కారిడార్’ అయింది. 2006లో కోకాపేట భూములు వేలం వేస్తే ఎకరం 14 కోట్లు దాటిందని అప్పుడు నోళ్లు వెళ్లబెట్టినం. ఉద్యమంలో మనం అడిగిన ప్రశ్న గుర్తున్నది గదా: మా భూములు అమ్మి ఎవరి ఖజానా నింపుతున్నరు? 2014లో రాష్ట్రం వచ్చింది. 2023 ఆగస్టులో అదే కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఖజానా ఇప్పుడు మనది. మరి ఆ నేల మీద ఎవరుండొచ్చు అనే ప్రశ్నకు జవాబు మారిందా?

దీనికి కంచ గచ్చిబౌలి కంటే పెద్ద ఉదాహరణ లేదు. 1969లో మన పిల్లలు తూటాలకు బలైన్రు. 1972లో జై ఆంధ్ర వచ్చింది. రెండు ఉద్యమాలనూ చల్లబరిచేటందుకు 1973లో ఆరు సూత్రాల పథకం తెచ్చిన్రు. అందులో ఒక సూత్రం ప్రకారం 1974లో హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టిన్రు. దానికోసం సుమారు 2,300 ఎకరాలు కేటాయించిన్రు. అంటే ఆ క్యాంపస్ ఎవరి దయతోనో రాలేదు, కొట్లాటలో నుంచి పుట్టింది.

అందులోని 400 ఎకరాలు 2003లో ఒక క్రీడా సంస్థకు ఇచ్చిన్రు, 2006లో రద్దు చేసిన్రు, ఏండ్ల తరబడి కోర్టులో నడిచి 2024లో ప్రభుత్వం గెలిచింది. 2025 మార్చి నెలాఖరులో ఆ నేల మీదికి యంత్రాలు దిగినయి. విద్యార్థులు అడ్డం పడ్డరు, దెబ్బలు తిన్నరు, అరెస్టయిన్రు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది.

ఆ రోజుల్లో టీవీ చర్చల్లో ఒకటే వాదన నడిచింది: అది అడవి కాదు, రికార్డులో ప్రభుత్వ భూమి. నేను ఆ రెండు మాటల మీద ఆగిపోయిన. హక్కు ఎవరిది అనేది ఒక ప్రశ్న. అక్కడ ఏమున్నది అనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరకంగనే రెండోదాన్ని తుడిచేసిన్రు. నెమళ్లు, జింకలు, కుంటలు, ఏండ్లనాటి బండలు, అన్నీ ఆ ‘ప్రభుత్వ భూమి’ అనే మాట కింద పోయినయి. ఊరి పేరులోనే ‘కంచ’ అని ఉన్నది. పేరే సాక్ష్యం చెప్తున్నా వినలేదు.

మూసీ ఒడ్డున ఎరుపు గుర్తు

2024 సెప్టెంబర్‌లో మూసీ ఒడ్డున అధికారులు ఇల్లిల్లు తిరిగి గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ–ఎక్స్’ అని రాసిన్రు. అంటే నది గర్భంలో ఉన్న ఇల్లు, పోవాలె అని. నా క్లాసులో ఒక విద్యార్థిని ఉన్నది. రివర్‌ఫ్రంటు మీద అందరికీ ప్రాజెక్టు ఇస్తే అందరూ ఒడ్డు పొడుగునా నడకదారులు, సైకిల్ ట్రాకులు, కాఫీ షాపులు గీసిన్రు. ఆమె షీటు మాత్రం ఇయ్యలేదు. అడిగితే "సార్, మీరిచ్చిన సైటు ప్లానులో తెల్లగా ఉన్న కాడ మా అమ్మమ్మ ఇల్లు ఉన్నది" అన్నది.

ఆ సైటు ప్లాను ఇచ్చింది నేను. ఇరవై ఏండ్ల తర్వాత కూడా రబ్బరు నా చేతిలోనే ఉన్నది.

నేను నదిని బాగు చేయొద్దు అంటలేను. 1908 గుర్తున్నోడు ఎవడూ నది గర్భంలో ఇల్లు ఉండాలని అనడు. వానకాలం రాత్రి నిద్రలేకుండ కూసునేది ఆ అమ్మమ్మే, మనం కాదు. కొందరికి డబుల్ బెడ్‌రూం ఇండ్లు ఇచ్చిన్రు, మంచిదే. కాని అడగాల్సింది ఒకటున్నది. ఆ ఇంటికి కరెంటు మీటరు ఇచ్చింది ఎవరు? వోటరు కార్డు ఇచ్చింది ఎవరు? ఇన్నేండ్లు ఉన్నరని ఒప్పుకొని, ఇప్పుడు పటం గీసేటప్పుడు మాత్రం లేరంటే ఎట్ల? ముందు ఇంటింటి లెక్క తీసి, ఎవరు ఎక్కడ పని చేస్తరు, పిల్లలు ఏ బడికి పోతరు అని రాసుకొని, తర్వాత గీత గీయాలె. ఇక్కడ గీత ముందు వచ్చింది, లెక్క తర్వాత వచ్చింది.

నిలబడే జాగ

ఇంకో జాగ గురించి చెప్పకుండ ముగించలేను. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్. ఊరూరా అరెస్టులు, రోడ్ల మీద ముళ్లకంచెలు. అయినా జనం ట్యాంక్‌బండ్ ఎక్కిన్రు. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం పెట్టిన విగ్రహాల్లో కొన్ని ఆనాడు కూలినయి. ఆ కూల్చివేత తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదులాడుకుంటం. నా చూపు వేరు. షికారు కోసం, ఫోటోల కోసం తీర్చిదిద్దిన కట్టను జనం ఒక్క పూటలో రాజకీయ వేదికగా మార్చిన్రు. 2012 సెప్టెంబర్ 30న సాగరహారంలో నెక్లెస్ రోడ్డు కూడా అట్లనే మారింది. నగరం నడిబొడ్డున నిలబడే జాగ దొరికింది కాబట్టే మన గొంతు ఢిల్లీ దాకా పోయింది.

మరి 2017లో ఇందిరాపార్కు ధర్నాచౌక్‌ను ఎత్తేసి, ధర్నాలు నగరం శివార్లలో చేసుకోమన్నది ఎవరి ప్రభుత్వం? ఆ జాగ విలువ తెలిసినోళ్లే కదా! చుట్టుపక్కల కాలనీలోళ్లకు ఇబ్బంది ఉన్నది నిజమే, దానికి మైకుల సమయం, ట్రాఫిక్ ఏర్పాటు చూసుకోవచ్చు. ముప్పై కిలోమీటర్ల అవతల చేసే ధర్నాను ఎవరు చూస్తరు? 2018లో హైకోర్టు జోక్యంతో ఆ చౌరస్తా మళ్లీ తెరుచుకున్నది. ఆ కొట్లాటలో పోయినోళ్లు ఒక్క పార్టీ వాళ్లు కాదు. అంగన్‌వాడీలు, ఆశాలు, రైతులు, నిరుద్యోగులు. రేపు ఏ ప్రభుత్వం వచ్చినా కావాల్సిన జాగ అది.

మనం చేయాల్సింది

రాష్ట్రం సరిహద్దు గీత మనం కొట్లాడి గీయించుకున్నం. నగరం లోపలి గీతలు మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే, పాత రబ్బరుతోనే గీస్తున్నరు. గీసే చేతులు ఇప్పుడు మన ప్రాంతం చేతులే అయినా సరే.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలు ఉండాలన్నది. మహానగరానికి ప్లాను తయారుచేసే కమిటీలో కనీసం మూడింట రెండు వంతులు, ఎన్నికైన స్థానిక ప్రతినిధులు తమలో నుంచి ఎన్నుకున్నోళ్లే ఉండాలన్నది. కన్సల్టెంటు కంపెనీ ఉండాలని ఎక్కడా రాయలేదు. మీ వార్డు కమిటీ కూసున్నది ఎప్పుడో మీ కార్పొరేటర్‌ను అడిగిన్రా? అడగండి.

అది అయ్యేదాకా ఆగొద్దు. మీ బస్తీ పటం మీరే గీయండి. స్కేలు, కంప్యూటరు అక్కర్లేదు. అడుగులతో కొలవండి. నల్లా ఎక్కడున్నది, అంగన్‌వాడీ ఎక్కడ, కూలీల అడ్డా ఎక్కడ, షేర్ ఆటో ఎక్కడ ఆగుతది, బోనం ఏ తొవ్వ పోతది, పీర్లు ఏ తొవ్వ వస్తయి, వాన నీళ్లు ఎటు పారుతయి, అన్నీ పెట్టండి. ఇంటింటి పేరు, ఉన్న ఏండ్లు రాయండి. నా విద్యార్థులను పంపిస్త. వాళ్లు మీకు నేర్పేది తక్కువ, మీ దగ్గర నేర్చుకునేది ఎక్కువ. ఆ అమ్మాయి ఇప్పటికే తన అమ్మమ్మ గల్లీ గీసి ఇచ్చింది. ఈసారి ప్రాజెక్టుకు అదే మా సైటు ప్లాను.

మాస్టర్ ప్లాను ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తరు. ఆ రోజు ఒట్టి అర్జీ పట్టుకొని పోకండి. మీ పటం పట్టుకొని పోండి. "మీరు ఖాళీ అని రాసిన జాగలో ఇగో మేమున్నం" అని టేబుల్ మీద పరవండి. అట్ల ఒక్క వార్డు చేసినా, తర్వాత గీసేటోడు రబ్బరు పట్టుకునే ముందు ఒకసారి ఆగుతడు.

 జై తెలంగాణ.