ఒక చిరునామా – రెండు పట్టికలు

పూర్వము వర్తకుల అంగళ్లలో చిట్టా యని, ఆవర్జా యని రెండు పుస్తకము లుండెడివి. ఆనాటి క్రయవిక్రయములు చిట్టాలో పడును. పిమ్మట గుమాస్తా వానిని ఆవర్జాలో ఎవరి పేరున వారికి ఎక్కించును. రెండింటిని వ్రాయు చేయి తరచుగా ఒక్కటే గనుక అవి విభేదించుట అరుదు. నేటి కార్యాలయములలో ఆ పుస్తకముల స్థానమును కంప్యూటరు పట్టికలు ఆక్రమించినవి. కాని వ్రాయు చేతులు అనేకములు. దాచు పద్ధతులును అనేకములే. అందువలన కలుగు చిక్కును గూర్చియు, దానికి గల ఉపాయములను గూర్చియు ముచ్చటింప దలచితిమి.

సమాచారమును పట్టికలుగా అమర్చి, వాని నడుమ సంబంధములు కల్పించు సిద్ధాంతమును 1970లో ఐ.బి.యం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ ప్రకటించెను. 1980 తరువాత చిన్న కంప్యూటర్లు బల్లల మీదికి వచ్చినపుడు డీబేస్, దాని బాటనే నడచిన ఫాక్స్‌ప్రో వ్యాప్తిలోనికి వచ్చినవి. 1992లో మైక్రోసాఫ్ట్ సంస్థ యాక్సెస్‌ను విడుదల చేసెను. అన్నింటను ఉన్నవి పట్టికలే. కాని డీబేస్ పద్ధతిలో ఒక్కొక్క పట్టిక ఒక్కొక్క ఫైలు. యాక్సెస్‌లో అనేక పట్టికలు ఒకే ఫైలున ఇమిడియుండును. గడి పేరు మొదటిదానిలో 10 అక్షరములకు మించరాదు. రెండవదానిలో 64 వరకు పోవచ్చును. కావున ఒకదాని ఫైలును మరియొకటి మధ్యవర్తి లేక చదువజాలదు.

మేము పనిచేసిన ఒక కార్యాలయమున కళాకారుల పట్టిక ఒక విభాగమువారి ఫాక్స్‌ప్రోలోను, పారితోషికముల పట్టిక వేరొక విభాగమువారి యాక్సెస్‌లోను ఉండెడివి. హరికథలు చెప్పు వృద్ధుడొకరు ఇల్లు మారి, క్రొత్త చిరునామాను కాగితముపై వ్రాసి మా చేతికే ఇచ్చిరి. మేము దానిని మొదటి విభాగమునకు పంపి, పని ముగిసినదని తలచితిమి. చెక్కు పాత ఇంటికి పోయి తిరిగివచ్చినది. ఆయన రెండుమార్లు బస్సెక్కి వచ్చి విచారించిరి. “మా పట్టికలో మీ చిరునామా సరిగనే యున్నదండీ” అని మొదటివారనిరి. “మాకు మీరు తెలుపలేదు గదండీ” అని రెండవవారనిరి. ఇరువురు చెప్పినదియు నిజమే. ఆ రెండు నిజముల నడుమ ఆయన నిలువబడిపోయిరి.

ఇట్టి చిక్కునకు మూడు ఉపాయములు కలవు. మొదటిది, పట్టికను సాదా అక్షరముల ఫైలుగా, గడికి గడికి నడుమ కామా నుంచి, ఎగుమతి చేయుట. ఇది ఎల్ల యంత్రములకును అర్థమగును. కాని చిరునామాలో కామా యున్నచో, దానిని ఉద్ధరణ చిహ్నముల నడుమ ఉంచనియెడల, ఒక గడి రెండుగా చీలును. సున్నతో మొదలగు సంఖ్యను అంకెగా గ్రహించినచో ఆ సున్న లోపించును. 5-6 అను తేదీ ఒకరికి జూన్ 5, మరియొకరికి మే 6. అన్నింటికంటె ముఖ్యముగా, ఎగుమతి యనునది ఆనాటి ప్రతి మాత్రమే. మరునాటి మార్పు దానికి తెలియదు.

రెండవది లంకె. 1992లో వెలువడిన ఓ.డి.బి.సి. అను ఏర్పాటు పూర్వపు దుబాసీవంటిది. అడిగినవాని ప్రశ్నను ఎదుటి వ్యవస్థకు అర్థమగునట్లు చెప్పి, జవాబును తిరిగి తెచ్చును. ఇచట ప్రతి పుట్టదు, మూలమునే చదువుదురు. మూడవది, పట్టికల నన్నింటిని ఒక కేంద్ర యంత్రమున నుంచి, బల్లలపై నున్న వానిని కిటికీలుగా మాత్రమే వాడుకొనుట. ఖర్చు ఎక్కువ, కాని సిబ్బంది పెరిగినకొలది ఇదియే మేలు.

తెలుగువారికి ఇంకొక కష్టము కలదు. పూర్వపు తెలుగు ఫాంటులు అనేకము రోమను అక్షరముల సంకేతములనే అరువు తెచ్చుకొని వాని స్థానమున తెలుగు రూపములను చూపెడివి. ఆ ఫాంటు లేని యంత్రమునకు పోయినచో పేరు పిచ్చిగీతలగును. 1991లో వెలువడిన యూనికోడ్‌లో తెలుగునకు సొంత సంకేతము లేర్పడినవి. పాత పట్టికలను దానిలోనికి మార్చినగాని ఏ లంకెయు ఫలింపదు. ఫాక్స్‌ప్రో చివరి రూపమునకు తయారీదారుల మద్దతు 2015తో ముగిసినది గనుక ఈ పని వాయిదా వేయదగినది కాదు.

అయినను యంత్రములను కలుపుటకు ముందు మనుష్యులు కలిసి కూర్చుండవలెను. ఏ సంగతిని ఎవరు వ్రాయవలెనో నిర్ణయింపవలెను. చిరునామా ఒక్క చోటనే వ్రాయబడవలెను. తక్కినవారు దానిని చదువవలెనే గాని తాము వేరుగ వ్రాసికొనరాదు. పేర్లు పలువిధముల వ్రాయబడును గనుక ప్రతివ్యక్తికి మారని సంఖ్య ఒకటి ఉండి, అది అన్ని పట్టికలందును ఒక్కటియే కావలెను.

ఆ చెక్కు మూడవ నెలలో ఆయనకు చేరినది. కృతజ్ఞత తెలుపుచు ఆయన కార్డు వ్రాసిరి. దానిని చదివి మేము సంతోషింపలేకపోతిమి. మరునాడే ఆ రెండు విభాగముల గుమాస్తాలను ఒక బల్లయొద్ద కూర్చుండబెట్టి, రెండు పట్టికలను పేరు వెంబడి పేరు చదివించితిమి. తప్పిపోయిన చిరునామా ఆయనది ఒక్కటియే కాదని ఆనాడు తెలిసినది.